‘రంగు వేయబడుతుంది’ అని రాయవచ్చునా?

సందేహం: పుస్తకాలను, వ్యాసాలను అచ్చుకు కూర్చే లేటెక్ వ్యవస్థలో ప్రోగ్రాములను అచ్చుకు సిద్ధం చేసే లిస్టింగ్స్ ప్యాకేజీ గురించి విద్యార్థుల కోసం తెలుగులో చిన్న పుస్తకం రాస్తున్నాను. ‘కీవర్డులకు నీలిరంగు వేయబడుతుంది, కామెంట్లు ఇటాలిక్‌లో చూపబడతాయి, మీచే నిర్వచించబడిన శైలి పాటించబడుతుంది, పొడవైన లైను విరవబడదు’ అని రాస్తే, ఒక మిత్రుడు ‘బడు’ తెలుగే కాదని, ఉన్నవన్నీ తీసివేయమని అన్నారు. సాంకేతిక విషయంలో కర్త ఎవరో చెప్పనక్కర లేదు కదా! తప్పేమిటి?

సమాధానం: ‘బడు’ తెలుగు కాదనడం సరికాదు. ‘చెప్పన్’, ‘చేయన్’ వంటి ద్రుతాంత (నకారంతో ముగిసే) రూపాల మీద ‘పడు’ ధాతువు చేరి, సరళాదేశం వల్ల పకారం బకారమై ‘చెప్పఁబడు’, ‘చేయఁబడు’ అనే రూపాలు ఏర్పడ్డాయి. వ్యాకరణం దీన్ని ఒప్పుకొన్నది. అయితే ఇంట్లో, బజారులో ఎవరూ ‘అన్నం వండబడింది’ అనరు. ఇంగ్లీషు వాక్యాన్ని పక్కన పెట్టుకొని రాసేటప్పుడే ఈ రూపం గుంపులు గుంపులుగా వచ్చి చేరుతుంది.

మీ పుస్తకంలో దీనివల్ల కలిగే అసలు నష్టం వేరు. కర్త ఎవరో చెప్పనక్కర లేదన్నారు గాని, మీ విద్యార్థికి ముందుగా తెలియవలసింది అదే. మనం ఏ శైలీ కోరకపోతే ఈ ప్యాకేజీ కీవర్డులను (ప్రోగ్రాము భాషలో ప్రత్యేకార్థం ఉన్న మాటలను) బొద్దు అక్షరాల్లో, కామెంట్లను (చదివేవారి కోసం రాసే వివరణలను) వాలు అక్షరాల్లో, అంటే ఇటాలిక్‌లో, అచ్చు వేస్తుంది. అదీ లాంగ్వేజ్ అన్నచోట సీ అనో పైథాన్ అనో మనం పేరు చెప్పినప్పుడే, ఎందుకంటే భాష తెలియనిదే ఏది కీవర్డో, ఏది కామెంటో దానికి తెలియదు. రంగు మాత్రం తనంతట తాను వేయదు. ఎక్స్‌కలర్ వంటి రంగుల ప్యాకేజీని చేర్చుకొని, ఎల్‌ఎస్‌టీసెట్ ఆదేశంలో కీవర్డ్‌స్టైల్‌కు ఎదురుగా రంగు పేరు రాసిన తరువాతనే నీలం వస్తుంది. ‘నీలిరంగు వేయబడుతుంది’ అని చదివిన విద్యార్థి ఏమీ రాయకుండా కూర్చుంటాడు. నల్లటి అక్షరాలు వచ్చేసరికి తన కంప్యూటరులోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. ఇటాలిక్ ప్యాకేజీ పని, నీలం అతని పని; మీ ‘బడు’ ఆ రెండింటినీ ఒకే గాటన కట్టింది.

కర్తను చెప్పడం ఇష్టం లేనిచోట తెలుగుకు తనదైన దారి ఉంది. విరుచు–విరుగు, మార్చు–మారు, చేర్చు–చేరు, తెంచు–తెగు వంటి జంటల్లో రెండవది కర్మ అక్కర లేని అకర్మక క్రియ కనుక కర్మణి ప్రయోగం, అంటే ‘బడు’ చేర్చే వాక్యం, అవసరమే రాదు. ‘పొడవైన లైను దానంతట విరగదు, మార్జిను దాటిపోతుంది, విరవాలంటే బ్రేక్‌లైన్స్‌కు ట్రూ అని రాయండి’ అన్నప్పుడు జరిగేది ఒక క్రియలో, చేయవలసింది మరొక క్రియలో విడివిడిగా తెలుస్తున్నాయి.

‘మీచే నిర్వచించబడిన శైలి’ మరీ బరువుగా ఉంది. మన క్రియాజన్య విశేషణం కర్తకూ కర్మకూ సమానంగా అన్వయిస్తుంది. ‘వండిన అమ్మ’ అంటాం, ‘వండిన అన్నం’ అని కూడా అంటాం. కాబట్టి ‘మీరు నిర్వచించిన శైలి’ అంటే చాలు.

ఇక మీ మిత్రుడి మాట విని ‘బడు’ అన్న రెండక్షరాలను కంప్యూటరుతో వెతికి, కనిపించినవన్నీ కొట్టివేయకండి. ‘కనబడు’, ‘వినబడు’ అనేవి రూపంలో అలా ఉన్నా నేటి వాడుకలో కర్మణి ప్రయోగాలు కావు, నిత్యం పలికే మామూలు క్రియలు. ఈ ప్యాకేజీ స్ట్రింగుల లోపలి ఖాళీల చోట, మనం వద్దనకపోతే, చిన్న తొట్టి వంటి గుర్తు వేస్తుంది. అక్కడ ‘గుర్తు కనబడుతుంది’ అనడమే సహజం.

అన్నట్టు, మీ ఉదాహరణల్లో తెలుగు కామెంట్లు పెట్టే ఆలోచన ఉంటే ముందే పరీక్షించుకోండి. లిస్టింగ్స్ ఒక్కొక్క బైటునే ఒక అక్షరంగా లెక్కించే పద్ధతిలో తయారైనది కనుక యూనికోడు తెలుగు అందులో చెదిరిపోవచ్చు. పైగా చాలా తెలుగు ఫాంట్లలో వాలు రూపం విడిగా ఉండదు.

మీ వాక్యాలను నేనైతే ఇలా రాస్తాను: ‘భాష పేరు చెబితే కామెంట్లు ఇటాలిక్‌లో వస్తాయి. కీవర్డులు నీలంగా రావాలంటే ఆ రంగును మీరు కీవర్డ్‌స్టైల్‌లో రాయాలి. మీరు నిర్వచించిన శైలినే ప్యాకేజీ పాటిస్తుంది. పొడవైన లైను దానంతట విరగదు.’