మా అమ్మాయి ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుంటానంటోంది, తర్వాత దారి ఉంటుందా?

ఉంటుంది, తీసుకోనివ్వండి. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్ల ఎంపీసీ వద్దని హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్ చదువుతానంటే భయంగా ఉందని రాశారు. నేను చదివింది అదే గ్రూపు. ఆ తర్వాత హిస్టరీతో బీఏ, ఆపైన మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాను. తెలంగాణలో ఒక జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూస్తాను, ఎక్కువగా భూముల తగాదాలే. బీఏలో చదివిన చరిత్రే నాకు అన్నం పెడుతోందని ఎవరి ముందైనా చెబుతాను.

జూనియర్‌గా ఉన్న రోజుల్లో మా సీనియర్ దగ్గరకు ఒక ఇంజంక్షన్ సూట్ వచ్చింది. మా క్లయింట్ భర్త పోయిన ఒక ముసలమ్మ. ఆమెకున్నది 2 ఎకరాల 14 గుంటల చెలక, అంటే మెట్ట భూమి. పక్క భూమివాళ్లు అది తమదేనని, ఆమె అందులో అడుగుపెట్టకుండా ఆర్డర్ ఇవ్వాలని కోర్టుకెక్కారు. వాళ్ల ధీమా అంతా ఒక సాదా బైనామా మీద, అంటే రిజిస్టర్ చేయించకుండా మామూలు కాగితం మీద రాసుకున్న అమ్మకం పత్రం మీద. 1955లో ముసలమ్మ మామ ఆ చెలకను తమ తాతకు అమ్మాడని, అప్పటినుంచీ కబ్జాలో, అంటే భూమి అనుభవంలో, తామే ఉన్నామని వాళ్ల వాదన. రిజిస్టర్ కాని కాగితంతో హక్కు రాదు. కానీ కబ్జా ఎప్పటినుంచో చూపించడానికి పనికొస్తుంది కాబట్టి, స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కట్టి దాన్ని ఎగ్జిబిట్‌గా, అంటే కోర్టులో సాక్ష్యంగా, పెట్టారు.

ఆ కాగితం చూస్తే ఎవరికైనా నమ్మాలనిపిస్తుంది. రంగు మారిపోయి, మడతల దగ్గర చిరిగిపోయి, కింద వేలిముద్రతో ఉంది. మామ పోయి ఎన్నో ఏళ్లయింది, పోల్చి చూద్దామంటే ఆయన ముద్ర ఇంకెక్కడా దొరకలేదు. సాక్షి సంతకాలు పెట్టినవాళ్లూ బతికి లేరు. పైగా 30 ఏళ్లు దాటిన పత్రం ఉండాల్సినవాళ్ల దగ్గరనుంచే వస్తే, దాని మీది రాత, సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. అప్పటి ఎవిడెన్స్ యాక్ట్‌లో అది 90వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 92వ సెక్షన్. అవతలి లాయరు గారు దాన్నే గట్టిగా పట్టుకున్నారు. మా ఆఫీసులోనేమో అందరూ వేలిముద్ర గురించే మాట్లాడుతున్నారు, ల్యాబ్‌కు పంపాలా వద్దా అని. ముసలమ్మ ప్రతి వాయిదాకూ బస్సెక్కి వచ్చి వరండాలో కూర్చునేది. ఆమెను చూస్తే నాకు టెన్షన్ ఇంకా పెరిగేది.

ఒక రాత్రి ఆ బైనామా జిరాక్సు ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివాను. మధ్యలో, ఏటా శిస్తు 4 రూపాయల 75 పైసలు ఇకమీదట కొన్నవారే కట్టుకోవాలని రాసి ఉంది. అక్కడ ఆగిపోయాను. 1955లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అంటే రూపాయికి 64 పైసలే. ఆ లెక్కన 75 పైసలంటే రూపాయి నిండిపోయి ఇంకా 11 పైసలు మిగులుతాయి. అలా రాసేవాళ్లు ఎవరుంటారు? రూపాయికి 100 పైసల లెక్క దేశంలో మొదలైంది 1957 ఏప్రిల్ 1న. పాత పైసాతో కలవకూడదని కొత్తదానికి నయా పైసా అని పేరు పెట్టారు. ఆ 'నయా' పోయి ఉత్త పైసా మిగిలింది 1964లో. దానికి తోడు, 1955 నాటికి మా ప్రాంతంలో నిజాం రాజ్యపు సొంత రూపాయి హాలీ సిక్కా ఇంకా చెల్లుతోంది. 7 హాలీ రూపాయలకు 6 ఇండియా రూపాయలు మారకం. దాన్ని రద్దు చేసింది 1959లో. కాబట్టి ఆ రోజుల్లో డబ్బు మాట రాస్తే ఏ రూపాయో కూడా రాసుకోవడం మామూలే. ఈ కాగితంలో ఆ ఊసే లేదు.

ఇదంతా నాకు లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బీఏ రెండో ఏడాదిలో మా హిస్టరీ లెక్చరర్ గారు హైదరాబాద్ రాజ్యం నాణేల గురించి చెబుతూ, సిలబస్‌లో లేకపోయినా అణాల లెక్క మా చేత బోర్డు మీద వేయించారు. పరీక్షలో రాదు కదా సార్ అని సగం మంది బయటికి వెళ్లిపోయిన క్లాసు అది.

పొద్దున్నే సీనియర్‌కు చూపించాను. కాగితం వైపు చాలాసేపు చూసి, "ఎవరికీ చెప్పకు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుదాం" అన్నారు.

పక్క భూమివాళ్ల తరఫున బోనెక్కినాయన డెబ్బై దాటినవాడు. ఈ కాగితం మీ తాత కాలంలోనే రాసిందా అంటే అవునన్నాడు. తర్వాత ఎవరూ ఒక్క అక్షరం కూడా చేర్చలేదా అంటే, లేదు, మా ఇంట్లో సందూకులోనే ఉందన్నాడు. శిస్తు ఎంతో చదవమంటే చదివాడు.

"మీరు అణాలు చూశారా?"

"చూసిన సార్."

"రూపాయికి ఎన్ని అణాలు?"

"పదారు."

"అణాకు ఎన్ని పైసలు?"

"నాలుగు" అన్నాడు. అని, చేతిలో ఉన్న కాగితం వైపు చూసి మళ్లీ మాట్లాడలేదు. వాళ్ల లాయరు లేచి ఈ లెక్కలకు కేసుతో సంబంధం లేదని అభ్యంతరం చెప్పారు. జడ్జిగారు ఆ పత్రాన్ని తన దగ్గరికి తెప్పించుకుని, పైన తేదీ, మధ్యలో అంకె రెండూ చూసి, అభ్యంతరం తోసిపుచ్చి జవాబు రికార్డు చేయించారు. తర్వాత ఆ బైనామా నమ్మదగినది కాదని తీర్పులో రాసి సూట్ కొట్టేశారు. ఏ భూమి ఎవరిదో రాసే సర్కారు రికార్డు పహాణీ. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ముసలమ్మ మామ పేరు, తర్వాతి పహాణీల్లో ఆమె భర్త పేరు ఉన్నాయి, అవీ మాకు బలమే. అయినా కేసు తిరిగింది ఆ 75 పైసల దగ్గరేనని నా గట్టి నమ్మకం.

ఆ రోజు మెట్ల దగ్గర ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "గా పైసల ముచ్చట నీకెట్ల తెలిసె బిడ్డా?" అంది. కాలేజీలో చెప్పారు అవ్వా అంటే, "గివి గూడ చెప్తరా కాలేజీల!" అని ఆశ్చర్యపోయింది.

ఇలాంటివి తర్వాత చాలా చూశాను. 1985కు ముందు మన దగ్గర ఉన్నవి తాలూకాలు. అంతకన్నా పాత తేదీ వేసిన కాగితంలో మండలం పేరు కనబడితే అనుమానించాల్సిందే. రంగారెడ్డి జిల్లా పుట్టింది 1978 ఆగస్టు 15న. నిజాం కాలపు పత్రాల్లో ఫస్లీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. చరిత్ర తెలియని లాయరు భూమి కేసు వాదించకూడదని నా అభిప్రాయం. కొందరు సీనియర్లు ఒప్పుకోరు, వాళ్ల ఇష్టం.

ఇక్కడ మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. హెచ్‌ఈసీ తీసుకుంది కదా అని లెక్కల పుస్తకం అటకెక్కించకూడదు. మా ఆర్ట్స్ పిల్లలు చేసే పెద్ద తప్పు ఇదే. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, 121 చదరపు గజాలు. 17వ శతాబ్దంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు చేసిన సర్వే గొలుసు 66 అడుగులు, గుంట భుజం సరిగ్గా అందులో సగం. ఇది తెలిసినవాళ్లకు సర్వేయర్ తెచ్చిన టిప్పన్ (భూమి కొలతల పటం) చూడగానే ఎకరం ఎక్కడ తగ్గిందో అర్థమవుతుంది. 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం తీసుకోండి. మార్కెట్ విలువను పల్లెల్లో 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో హెచ్చవేయాలి, దాని మీద నూటికి నూరు సొలేషియం (భూమి బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం అదనం. ఈ లెక్క సొంతంగా వేయలేని లాయరును పెట్టుకుంటే రైతు నష్టపోతాడు. చట్టం ఒక డిపార్ట్‌మెంటుదీ, లెక్కలు ఇంకో డిపార్ట్‌మెంటుదీ అని గోడలు కట్టింది కాలేజీలు. ఊళ్లో వచ్చే తగాదాలో అన్నీ కలిసే ఉంటాయి.

కాలేజీల మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. పేరున్న ప్రైవేటు జూనియర్ కాలేజీల్లో హెచ్‌ఈసీ కావాలని అడిగి చూడండి. చాలాచోట్ల అసలు ఆ గ్రూపే లేదంటారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు గానీ, మన రాష్ట్ర చరిత్ర చెప్పడానికి ఒక మనిషిని పెట్టుకోరు. రెండో భాష అయితే మరీ ఘోరం. మార్కులు వస్తాయని పిల్లలందరినీ సంస్కృతంలో కూర్చోబెడతారు, రెండేళ్ల తర్వాత వాళ్లకు తెలుగూ సరిగ్గా రాదు, సంస్కృతమూ రాదు. ఇటు మా కోర్టులో పాత ఉర్దూ సేత్వార్ (సర్వే నాటి భూమి రికార్డు) చదివి చెప్పే మనిషి కోసం వాయిదాల మీద వాయిదాలు పడుతుంటాయి. మీ అమ్మాయి ఈ రెండేళ్లలో ఉర్దూ లిపి చదవడం నేర్చుకుంటే, తెలంగాణలో ఏ భూమి కేసు లాయరైనా ఆమెను పిలిచి మరీ పని ఇస్తారు.

ఇంకోటి, మీరు తండ్రిగా అడిగారు కాబట్టి. సివిక్స్ వల్ల ఏం లాభం అనేవాళ్లకు నేను ఆడపిల్లల ఆస్తి కేసులు చూపిస్తాను. హిందూ కుటుంబాల్లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు దేశమంతటా వచ్చింది 2005లో. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చారు. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బీటెక్‌లు, ఎంబీఏలు చదివిన ఆడవాళ్లు ఇవేవీ తెలియక అన్నదమ్ములు పెట్టమన్నచోట సంతకం పెట్టి, తర్వాత నా దగ్గరకు వస్తున్నారు. ఆ చదువులు మంచివే, కానీ అంత చదివినా ఈ ఒక్క సంగతి వాళ్లకు ఎవరూ చెప్పకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

దారుల విషయానికొస్తే, ఇంటర్ ఏ గ్రూపుతో పాసైనా ఐదేళ్ల లా కోర్సుకు లాసెట్, క్లాట్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. లాసెట్‌కు జనరల్ కేటగిరీలో ఇంటర్‌లో 45 శాతం ఉంటే చాలు. లా వద్దనుకుంటే బీఏ చేసి సర్కారు ఉద్యోగాల గ్రూప్స్ పరీక్షలకు వెళ్లొచ్చు, అక్కడ అడిగేది చాలావరకు ఈ మూడు సబ్జెక్టులే. చేర్చే ముందు మాత్రం మీరే స్వయంగా కాలేజీకి వెళ్లండి. హిస్టరీకి రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, లేక గెస్ట్ ఫ్యాకల్టీ ఎప్పుడొస్తే అప్పుడే క్లాసా అన్నది ఆఫీసులో కాకుండా సెకండియర్ పిల్లలను అడగండి.