పాప జబ్బు దేవుడి పిలుపేనా?

మీ అక్క కూతురికి ఏడాదిగా జ్వరం విడిచి విడిచి వస్తున్నదని, ఊరి పెద్దలు "ఈ పిల్లకు శిగమూగే రాత ఉంది" అంటున్నారని, అంటే అమ్మవారు ఒంటి మీదికి వచ్చే రాత ఉందంటున్నారని, అది నిజమో కాదో ఎలా తెలుస్తుందని అడిగారు. నేను ఇరవై ఏళ్లకు పైగా శివసత్తును, అంటే అమ్మవారు పూని పలికే మనిషిని, కనుక నా అనుభవం చెబుతాను.

మాది అచ్చంపేట దగ్గరి పల్లె, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. ఎనిమిదో ఏట నాకు మలేరియా వచ్చింది. రోజు విడిచి రోజు వణుకు, తగ్గిందనుకున్న నెల రెండు నెలలకు మళ్లీ అదే. అమ్మవారు పట్టుకుని విడుస్తున్నదని అందరూ అనుకున్నారు. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో దాగి ఉండి తిరిగి లేస్తుందనీ, దాన్ని చంపడానికి ఇప్పుడు 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారనీ నాకు పెద్దయ్యాక తెలిసింది. మా ఇంట్లో జ్వరం దిగగానే మాత్రలు ఆపేసేవారు.

బడి మానిపించి నన్ను నల్లమల అంచున ఉన్న అమ్మమ్మ ఇంటికి పంపారు. ఆమె మాత్రలు ఆపనివ్వలేదు. ఎండాకాలంలో ఇంకా చీకటి ఉండగానే నన్ను ఇప్పచెట్టు కిందికి తీసుకుపోయేది. ముందురోజే ఊడ్చిపెట్టిన నేల మీద ఒక్కొక్క పువ్వు మెత్తగా టప్పుమని రాలేది. ఎలుగుబంటి వచ్చిపోయిందేమోనని ఆమె ముందు నేలను చూసి, తర్వాతే నన్ను కూర్చోబెట్టేది. ఏరడానికి ఒంట్లో సత్తువ లేక నేను గంటల తరబడి వింటూ కూర్చున్నాను. ఎదుటి మనిషి మాట వెనుక ఉన్న దుఃఖాన్ని వినగలగడం నాకు అక్కడే అబ్బిందని నమ్ముతాను.

జ్వరాలు పూర్తిగా పోయిన మూడేళ్లకు, ఎల్లమ్మ పండుగలో ఎల్లమ్మ కథలు పాడే బైండ్లాయన జమిడిక అనే వాయిద్యం వాయిస్తుండగా నాకు మొదటిసారి పూనకం వచ్చింది. జ్వరపు వణుకు ఎముకల్లో చలితో మొదలయ్యేది, పళ్లు టకటక కొట్టుకునేవి. ఇది అరికాళ్లలో వెచ్చగా మొదలై జమిడిక దెబ్బతో పాటు పైకి లేచింది. రెండూ ఎరిగిన శరీరం కనుక వాటిని ఒకటిగా పొరబడలేదు.

మాలాంటివాళ్లను మీరు 'షామన్' అని రాశారు; ఆత్మలు పూని పలికే మనిషిని అనే ఆ మాట సైబీరియాలోని ఎవెంకీ తెగవారి వైపు నుంచి వచ్చింది. అక్కడ కూడా చిన్ననాటి రోగాన్ని పిలుపుగా చూసే ఆనవాయితీ ఉంది. కానీ మన పాలమూరులో ఆ నమ్మకం ఆడపిల్లల మెడకు చుట్టుకున్నది. జబ్బు తగ్గితే ఎల్లమ్మకు విడుస్తామని మొక్కి, ఆడపిల్లలను దేవతకే పెళ్లి చేసినట్టు చేసి జోగినులుగా మార్చిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. మీ ఇంట ఎవరైనా అలాంటి మొక్కు మాట ఎత్తితే దయచేసి అక్కడే ఆపండి. పాపకు ముందు రక్తపరీక్ష చేయించండి, డాక్టరు రాసిన మందులు చివరి రోజు దాకా వేయించండి.

మా ఊరి పెద్ద శివసత్తు నా పూనకం చూసి కూడా ఏ మాటా అనలేదు. గుడికి నీళ్లు మోయమన్నది, ఏడుస్తూ వచ్చే ఆడవాళ్ల పక్కన ఊరికే కూర్చోమన్నది. నాకు ఇరవై నిండాక, ఇష్టమేనా అని రెండుసార్లు అడిగి, అప్పుడే నా నుదుట బండారి, అంటే అమ్మవారి పసుపు, పెట్టి నన్ను శివసత్తును చేసింది.