పాలు కాచితే మందు పోతుందా?

పాఠకుల ప్రశ్నలకు పశువైద్యుని సమాధానాలు

ప్రశ్న: మా ఇంటికి చాలా ఏళ్లుగా ఒకే రైతు గేదెపాలు పోస్తున్నారు. గత నెలలో వారం రోజుల పాటు, ఎంత జాగ్రత్తగా తోడుపెట్టినా పెరుగు తోడుకోలేదు. అడిగితే గేదెకు పొదుగువాపు వచ్చి సూదిమందు వేయించామనీ, పాలు బాగా కాచుకుంటే ఏమీ కాదనీ అన్నారు. ఆ పాలే మా మనవరాలికి కూడా పడుతున్నాము. కాచితే మందు పోతుందా?
– ఒక గృహిణి, తెనాలి

సమాధానం: పోదమ్మా. కాచినప్పుడు పాలలోని రోగక్రిములు చస్తాయి గానీ, మందు క్రిమి కాదు కదా. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులు మరిగే పాలలో కొంత తగ్గినా పూర్తిగా పోవు. జెంటామైసిన్, ఎన్‌రోఫ్లాక్సాసిన్, సల్ఫా మందులైతే ఇంటి పొయ్యి వేడికి దాదాపు చెక్కుచెదరవు.

మీ పెరుగు సంగతికి వస్తే, మీ అనుమానానికి ఆధారం ఉంది. తోడులో ఉండేవీ సూక్ష్మజీవులే కనుక, గేదె పొదుగులోని క్రిములను అణచిన మందే వాటినీ ఎదగనివ్వదు. పెన్సిలిన్ జాతి మందులకు అవి మరీ త్వరగా లొంగిపోతాయి. ప్రయోగశాలల్లో చేసే ఒక పరీక్షకు ఆధారం కూడా ఇదే: పాలలో ఒక సూక్ష్మజీవిని వేసి వెచ్చగా ఉంచుతారు, అది ఎదిగితే రంగు మారుతుంది, మారకపోతే మందు ఉందని అనుమానిస్తారు. అయితే పెరుగు తోడుకోకపోవడానికి చలి, పాతబడిన తోడు, పాలు విరగకుండా ఎవరైనా కలిపిన సోడా, గిన్నెకు అంటుకున్న సబ్బు వంటి కారణాలు కూడా ఉండవచ్చు. అందుచేత అదే తోడుతో, అదే పూట, మరొక చోట తెచ్చిన పాలను పక్కనే తోడుపెట్టి చూడండి. అవి తోడుకుని ఇవి తోడుకోకపోతే, తప్పు తోడుది కాదని తేలుతుంది. తోడుకున్న పాలలో మందు అసలే లేదని మాత్రం ఈ పరీక్షతో చెప్పలేము.

వారం రోజులు ఆ పాలు తాగినందుకు పాపకు వెంటనే ఏదో జరుగుతుందని భయపడనవసరం లేదు. పెన్సిలిన్ పడనివారికి పాలలోని కొద్దిపాటి మందు వల్ల కూడా దద్దుర్లు రావచ్చు కనుక, పాపకు ఆ మందు పడదని వైద్యులు ఎప్పుడైనా చెప్పి ఉంటే జాగ్రత్త పడండి. మీ రైతును మార్చమని నేను చెప్పను. మందు వేసినప్పుడు మాకు చెప్పండి, ఆ రోజులకు పాలు వద్దు అని మీరు అడిగితే, నిజం చెప్పడానికి ఆయనకూ వీలుగా ఉంటుంది.

ప్రశ్న: మా ఆవుకు ఒక చన్నులో పొదుగువాపు వస్తే దానికే మందు ట్యూబు ఎక్కించాము. మిగతా మూడు చన్నుల పాలు కేంద్రంలో పోయవచ్చా? ఎన్నాళ్లు ఆగాలి? ఆ చన్ను పాలు పారబోయడానికి మనసొప్పక దూడకు తాగిస్తున్నాము.
– ఒక పాడి రైతు, జగిత్యాల

సమాధానం: పోయకూడదు. ఒక చన్నులో ఎక్కించిన మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల పాలలోకీ చేరుతుంది కనుక నాలుగింటి పాలూ ఆపవలసిందే. ఎన్నాళ్లన్నది మందును బట్టి ఉంటుంది. ఆ గడువును డబ్బా మీద ముద్రించాలని మన దేశంలో 2012 నుంచి నిబంధన ఉంది. నిర్దిష్టమైన గడువు లేని మందుకు పాల విషయంలో కనీసం 7 రోజులు, మాంసం విషయంలో కనీసం 28 రోజులు పాటించాలని అదే నిబంధన చెబుతుంది. లెక్క మొదటి మోతాదు నుంచి కాదు, చివరి మోతాదు నుంచి. వట్టిపోయే ముందు ఎక్కించే ట్యూబులలోని మందు వారాల తరబడి పొదుగులో నిలుస్తుంది. ఆవు అనుకున్నదాని కంటే ముందే ఈనితే ఆ తొలి రోజుల పాలలోనూ అది ఉండవచ్చు.

ఇంత కచ్చితం ఎందుకని మీకు అనిపించవచ్చు. పెన్సిలిన్ విషయంలో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు కిలో పాలకు 4 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో వెయ్యో వంతు ఒక మైక్రోగ్రాము). అంటే ఒక్క మిల్లీగ్రాము మందు 250 కిలోల పాలను ఆ హద్దుకు చేర్చగలదు. మీ ఒక్క ఆవు పాలు ఊరందరి పాలతో ఒకే ట్యాంకులో కలుస్తాయన్నది గుర్తుంచుకోండి.

దూడ సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఆ పాలతో పాటు దూడ రోజూ కొద్దికొద్దిగా మందు తాగుతుంది. దాని పేగుల్లో మందుకు లొంగే క్రిములు చచ్చి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. పాలలోని మందు గడువు తీరితే పోతుంది గానీ, ఈ మొండి క్రిములకు గడువు లేదు. అవి పేడలో, పేడ చల్లిన మడిలో, పాలు పితికే చేతులకు, పశువును కోసిన చోట మాంసానికి అంటుకుని ప్రయాణిస్తాయి. తమలోని నిరోధక జన్యువులను వేరే జాతి క్రిములకు అందించగలవు కూడా. 1960లలో బ్రిటన్‌లో లేగదూడల వ్యాపారం వెంట, అనేక మందులకు లొంగని సాల్మొనెల్లా అనే పేగుల క్రిమి దొడ్డి నుంచి దొడ్డికి పాకి మనుషులకూ సోకింది. ఆ తరువాత 1969లో అక్కడి ప్రభుత్వం వేసిన స్వాన్ కమిటీ, మనుషుల చికిత్సకు పనికివచ్చే మందులను ఎదుగుదల కోసం మేతలో కలపవద్దని సూచించింది. ఐరోపా సమాఖ్య ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడడాన్ని 2006లో పూర్తిగా ఆపింది. మనుషుల్లో చివరి అస్త్రంగా దాచుకునే కోలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడడాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. కాబట్టి ఆ పాలు దూడకు కాదు, కుక్కకు కూడా పోయకండి; గొడ్లకూ నీటికీ దూరంగా గుంట తీసి పూడ్చండి.

పొదుగువాపు మొదలవుతున్న దశలోనే పట్టుకుంటే ట్యూబు అవసరం తగ్గవచ్చు. పావుకిలో కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం నూరి, నీటితో పలుచన చేసి, రోజుకు పలుమార్లు పొదుగుకు పట్టించే పద్ధతిని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది. జ్వరం వచ్చినా, మేత మానేసినా, పాలు నీళ్లలా లేదా రక్తంతో వచ్చినా దీనితో కాలయాపన చేయక పశువైద్యుణ్ణి పిలవండి. మందు మొదలుపెట్టాక రెండు పూటలకే తగ్గిందని ఆపవద్దు. పితికిన తరువాత అరగంట సేపు చన్నురంధ్రం తెరుచుకునే ఉంటుంది కనుక, అప్పుడు ఆవు పడుకోకుండా ముందు మేత వేయండి.

ప్రశ్న: ఈ గొడవంతా ఎందుకు, ప్యాకెట్ పాలు కొనుక్కుంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: ప్యాకెట్‌లోకి వచ్చేవీ ఆ కొట్టాల పాలే, క్రిములను చంపడానికి డెయిరీలో పాలను వేడిచేసే పాశ్చరీకరణ మందును తీసివేయదు. డెయిరీ తన గేటు దగ్గర ప్రతి ట్యాంకరునూ పరీక్షిస్తోందా లేదా అన్నదే తేడా. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 నమూనాలను పరీక్షిస్తే 77 నమూనాల్లో, అంటే నూటికి ఒకటికి కాస్త పైగా, యాంటీబయాటిక్ అవశేషాలు హద్దు మించి కనిపించాయి. అదే సర్వేలో బూజుపట్టిన దాణా వల్ల పాలలోకి చేరే అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం 368 నమూనాల్లో హద్దు దాటింది. దాని గురించి ఎవరూ ఉత్తరం రాయకపోవడం నాకు ఆశ్చర్యం.