మిర్యాలగూడ క్విజ్‌లో కరాచీ ప్రశ్నకు రెండు జవాబులు: ఏం చేయాలి?

తప్పు జట్లది కాదు, ప్రశ్నది. "1971లో మన నేవీ కరాచీపై ఎప్పుడు దాడి చేసింది?" అంటే డిసెంబర్ 4 అన్న దేవరకొండవాళ్లూ, 8 అన్న నల్లగొండవాళ్లూ కరెక్టే. మొదటిది ఆపరేషన్ ట్రైడెంట్, రెండోది పైథాన్. ఇద్దరికీ మార్కులేసేయండి.

ఇకపై:

1. ప్రశ్నలోనే ఆపరేషన్ పేరు పెట్టండి.

2. చాలామంది వదిలేసేది ఇదే. దాడులు రాత్రిపూట జరిగాయి, అర్ధరాత్రి దాటితే తేదీ మారుతుంది. అందుకే "4 లేదా 5", "8 లేదా 9" అని కార్డు వెనక రాసి, ఆట మొదలవకముందే స్కోరు రాసేవాళ్లకు చూపించండి. జవాబు విన్నాక రాస్తే ఎవరూ నమ్మరు, మన దగ్గర అసలే నమ్మరు!

3. అదే యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ఎవరు ముంచారని అడగొద్దు. రెండు దేశాలూ రెండు రకాలుగా చెబుతాయి. ఎక్కడ మునిగిందో అడగండి: విశాఖ తీరం దగ్గర.