ముగ్గురు అమ్మాయిల్లో ఏ ఇద్దరూ పక్కపక్కన రాకూడదంటే 8! − 6!×3! ఎందుకు తప్పు?

మీ లెక్క: 5గురు అబ్బాయిలు, 3గురు అమ్మాయిలు ఒకే వరసలో కూర్చోవాలి, ఏ ఇద్దరు అమ్మాయిలూ పక్కపక్కన ఉండకూడదు. 8! − 6!×3! వేస్తే (8! అంటే 8×7×6×…×1, ఎనిమిది మంది వరసలో కూర్చునే అమరికలన్నీ) మీకు 36,000 వచ్చింది, పుస్తకంలో 14,400 ఉంది. పుస్తకమే కరెక్ట్.

6!×3! = 4,320 అనేది ముగ్గురూ ఒకే గుంపుగా కూర్చున్న అమరికల సంఖ్య. అవి తీసేసినా, ఇద్దరు కలిసి మూడో అమ్మాయి విడిగా ఉన్న 21,600 అమరికలు మీ లెక్కలోనే ఉండిపోయాయి. అమ్మాయిలు ఇద్దరే అయితే తీసివేత చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ 'అందరూ కలిసి లేరు', 'ఏ ఇద్దరూ కలిసి లేరు' రెండూ ఒకటే. ఆ అలవాటుతోనే ముగ్గురి దగ్గర చాలామంది దెబ్బతింటారు.

ఇలాంటి చోట ఖాళీల పద్ధతి వాడండి. షరతు లేనివాళ్లను, అంటే అబ్బాయిలను, ముందు కూర్చోబెట్టండి: 5! = 120. (కింద అ అంటే అబ్బాయి, _ అంటే ఖాళీ.)

_ అ _ అ _ అ _ అ _ అ _

రెండు చివర్లూ కలిపి ఖాళీలు 6. చివర్లు మర్చిపోయి 4 వేసేవాళ్లు ఎక్కువ. ఒక్కో ఖాళీలో ఒక్క అమ్మాయే కూర్చోవాలి కాబట్టి 6×5×4 = 120. మొత్తం 120×120 = 14,400. రెండు 120లూ ఒకటి కావడం యాదృచ్ఛికమే. 6 ఖాళీల్లో 3 ఎంచుకునే 20 మార్గాల దగ్గరే ఆగిపోకండి, ముగ్గురూ వేర్వేరు మనుషులు కాబట్టి 3! తో గుణించాలి.

అనుమానం ఉంటే చిన్న సంఖ్యలతో సరిచూడండి. 2 అబ్బాయిలు, 3 అమ్మాయిలు అయితే కుదిరే ఆకారం ఒక్కటే, అమ్మాయిలు 1, 3, 5 కుర్చీల్లో. అంటే 3!×2! = 12. ఖాళీల పద్ధతిలోనూ 2!×3×2×1 = 12. మీ తీసివేతలో 5! − 3!×3! = 120 − 36 = 84 వస్తుంది.

దీనికి తోడు ఎ, బి అనే అబ్బాయిలిద్దరూ పక్కపక్కనే ఉండాలంటే, ముందు వాళ్లిద్దరినీ ఒక్క యూనిట్‌గా కట్టండి, ఖాళీలు ఆ తర్వాతే లెక్కపెట్టండి. యూనిట్లు 4, అమరికలు 4!×2! = 48. ఎ, బి మధ్య ఖాళీ మాయమైంది కాబట్టి మిగిలినవి 5. జవాబు 48×5×4×3 = 2,880. ఇక్కడ 6 ఖాళీలు వేశారంటే కట్టిన జంటను మళ్లీ విడదీసినట్టే.

గుండ్రటి బల్ల అయితే (ఇప్పుడు ఎ, బి షరతు లేదు) అబ్బాయిలకు 4! (అందరూ ఒక్కో కుర్చీ జరిగినా అమరిక అదే కాబట్టి 5! కాదు), చివర్లే లేవు కాబట్టి ఖాళీలు 5: 24×60 = 1,440.