బురద కోసం పుట్టిన బూట్లు, మెట్రో మెట్ల మీద

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 26 ఏళ్లు. రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి పావుగంట నడిచి ఆఫీసుకు చేరతాను. ఈ మధ్య మా టీమ్‌లో చాలామంది కొండలెక్కేవాళ్లు వేసుకునేలాంటి మొద్దు సోల్ స్నీకర్స్ వేసుకుంటున్నారు. నాకూ ఆ లుక్ బాగా నచ్చింది. ఎలాగూ వానాకాలం కదా అని, సోల్ కింద పెద్ద పళ్లున్న వాటర్‌ప్రూఫ్ జత కొందామనుకుంటున్నా. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఆ లుక్ నాకూ ఇష్టమే, తప్పకుండా కొనండి. కానీ పెద్ద పళ్లు, వాటర్‌ప్రూఫ్, ఈ రెండూ మీరు నడిచే దారికి సరిపడవు.

ముందు సోల్ సంగతి. ఐదు మిల్లీమీటర్లు, అంతకన్నా లోతైన పళ్లు పెట్టేది మెత్తటి మట్టిలోకి దిగి పట్టుకోవడానికి. స్టేషన్ మెట్ల నున్నటి గ్రానైట్ మీద అవి ఎక్కడికి దిగుతాయి? పళ్ల చివర్లు మాత్రమే నేలకు ఆనతాయి, అంటే నేలను తాకే రబ్బరు తగ్గిపోతుంది, పైన తడి ఉంటే ఇక జారుడే. పోయిన వానాకాలంలో అలాంటి షూస్ వేసుకుని ఓ స్టేషన్ మెట్ల మీద నేను పడ్డాను. మోచేయి వాపు తగ్గడానికి రెండు వారాలు పట్టింది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. పైగా తారు రోడ్డు మీద ఆ పళ్లు తొందరగా అరిగిపోతాయి. మూడు, నాలుగు మిల్లీమీటర్ల లోతు, వెడల్పుగా, దగ్గర దగ్గరగా ఉన్న పళ్లు చూసుకోండి. గోరుతో నొక్కితే కాస్త లోపలికి వెళ్లే రబ్బరైతే మంచిది, ప్లాస్టిక్‌లా గట్టిగా ఉంటే వదిలేయండి.

1935లో ఇటలీ ఆల్ప్స్‌లో సరైన బూట్లు లేక ఆరుగురు చనిపోతే, వాళ్లతో వెళ్లిన విటాలే బ్రమానీ ఆ బాధతోనే రబ్బరు సోల్ తయారుచేశాడు. సోల్స్ తయారుచేసే వైబ్రమ్ కంపెనీకి ఆ పేరు ఆయన పేరులోంచి వచ్చిందే. ఆ కంపెనీ మెగాగ్రిప్ అనే రబ్బరు తడి నేల మీద కూడా పట్టు ఉండేలా చేసింది, అది ఉన్న జత మీ బడ్జెట్‌లో దొరికితే ఆలోచించకుండా తీసుకోండి.

ఇక వాటర్‌ప్రూఫ్. గోర్‌టెక్స్ లాంటి పొర బయటి నీటిని ఆపి, లోపలి చెమట ఆవిరిని బయటికి పంపుతుంది, నిజమే. కానీ ఆ ఆవిరి బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికన్నా చల్లగా, పొడిగా ఉండాలి. జులైలో మన గాలి అలా ఉంటుందా చెప్పండి! ఇంకో సంగతి, మన రోడ్ల మీద నీళ్లు చీలమండ దాకా నిలుస్తాయి, పైనుంచి షూలోకి దూరతాయి. దూరిన నీళ్లను కూడా ఆ పొర అలాగే పట్టి ఉంచుతుంది, సాయంత్రం దాకా పాదం నానుతూనే ఉంటుంది. మామూలు మెష్ షూ అయితే తడుస్తుంది, కానీ నీళ్లు బయటికి పోతాయి, తొందరగా ఆరుతుంది. ఇంటికొచ్చాక లోపలి అట్ట తీసి, న్యూస్‌పేపర్ కుక్కి, ఫ్యాన్ కింద పెట్టండి. ఎండలో మాత్రం వద్దు, అతుకుల జిగురు వదిలేస్తుంది.

ట్రయల్ సాయంత్రం పూట వేయండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. చెప్పులకు అలవాటైన పాదాలు చాలామందికి వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటాయి, వెడల్పు మోడల్ ఉందేమో అడగండి, బిగుతుగా ఉన్నదాన్ని "వాడగా వాడగా సాగుతుంది" అంటే నమ్మకండి.

ప్రశ్న: మూడేళ్ల కింద కొన్న ట్రెక్కింగ్ షూస్ ఎప్పుడో ఒకసారి వేసుకుని పెట్టెలో దాచాను. మొన్న తీసి వేసుకుంటే సోల్ బిస్కెట్‌లా పొడిపొడిగా రాలిపోయింది! నన్ను మోసం చేశారా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మోసమని అనలేనమ్మా. కొన్ని షూస్ మధ్య సోల్, అంటే పాదానికీ కింది రబ్బరుకీ మధ్య ఉండే మెత్తటి పొర, పాలియురేథేన్ అనే నురుగు ప్లాస్టిక్‌తో చేస్తారు. గాలిలోని తేమతో అది లోలోపలే విరిగిపోతూ ఉంటుంది, మీ సముద్రపు ఊళ్లో ఇంకా తొందరగా. వాడుతూ ఉన్న జత కన్నా పెట్టెలో మూసిపెట్టిన జతే ముందు పోతుంది. పైభాగం బాగుంటే మంచి పనివాడి దగ్గర కొత్త సోల్ వేయించుకోవచ్చు. ఈసారి ఈవీఏ అనే ఇంకో రకం నురుగుతో చేసిన మధ్య సోల్ ఉన్నది అడిగి కొనండి, అది ఇలా పొడిపొడిగా రాలదు. పండగలకని దాచకుండా వారానికి ఒకసారైనా వేసుకోండి.

ప్రశ్న: నేను రోజూ బైక్ మీదే తిరుగుతాను. ఇలాంటి షూస్‌లో నాకు ఏది నప్పుతుంది?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు భాగానికి రబ్బరు తొడుగు ఉన్నది. గేర్ లివర్ రాసుకుని ఎడమ షూ ముందే పాడవుతుంది కదా, కొండదారుల్లో వేసుకునే ట్రెయిల్ షూస్‌కి రాళ్ల కోసం పెట్టిన ఆ తొడుగు మీకు అక్కడ కలిసొస్తుంది. లేసులు వేలాడకూడదు, లాగి బిగించి, షూ నాలుక మీద (లేసుల కింద ఉండే పట్టీ) ఉన్న చిన్న జేబులో దోపేసే తీగ లేసులైతే మంచిది. గుడి దగ్గరా, ఎవరింటికైనా వెళ్లినప్పుడూ విప్పడం కూడా క్షణాల్లో అయిపోతుంది. లేత రంగు స్వెడ్ (నూగులా ఉండే తోలు) మాత్రం తీసుకోకండి, మొదటి వానకే మరకలు పడతాయి.