ఫారంలో 5వ తేదీ ఇస్తే 4 అని సేవ్ అవుతోందా?

గుంటూరు కోల్డ్ స్టోరేజీ ఫారంలో మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగిన తేదీ 5 అని ఇస్తే డేటాబేస్‌లో 4 పడుతోందన్నారు కదండీ. టెన్షన్ పడకండి, తప్పు ఎంట్రీ చేసే అబ్బాయిది కాదు. మీరు పెట్టిన కోడ్‌లో క్యాలెండర్ ఇచ్చిన తేదీ టుఐఎస్ఓస్ట్రింగ్ (toISOString) అనే జావాస్క్రిప్ట్ ఫంక్షన్ గుండా వెళ్తోంది. అది మన టైమును యూటీసీలోకి, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మారుస్తుంది. మనం 5:30 గంటలు ముందుంటాం కాబట్టి మన 5వ తేదీ 00:00 అక్కడ 4వ తేదీ 18:30. ఆ తర్వాత మీ కోడే టైము భాగాన్ని కోసేస్తోంది, 4 మిగులుతోంది.

సరుకు దిగిన తేదీకి అసలు టైముతో పనేముంది? బ్రౌజర్‌లో ఉండే మామూలు డేట్ ఇన్‌పుట్ వాడండి. తెర మీద రోజు ముందున్నా నెల ముందున్నా, దాని వాల్యూ ఎప్పుడూ 2025-03-05 తరహాలోనే వస్తుంది. దాన్ని డేట్ ఆబ్జెక్ట్‌గా (తేదీతో పాటు టైమునూ మోసే జావాస్క్రిప్ట్ రూపంగా) మార్చకుండా ఉన్నదున్నట్టు పంపి, డేట్ టైపు కాలమ్‌లో దాచండి.

పాత ఎంట్రీలను మాత్రం వదిలేయొద్దు, రైతు కట్టే అద్దె లెక్క ఆ తేదీ మీదే ఉంటుంది. ముందు బ్యాకప్ తీసి, కొన్నింటిని కాగితం రసీదులతో పోల్చి చూసి, ఈ ఫారం ద్వారా ఎక్కినవాటికే ఒక రోజు కలపండి. ఎక్సెల్ నుంచి ఎక్కించినవి ఉంటే ముట్టుకోకండి.